పప్పుల వ్యాపారం, ఈ-1 వీసా: ఏళ్ల తరబడి వాడాక నా మాట

తెలుగువాళ్లు ఎవరు కలిసినా ముందు అడిగేది, "హెచ్1బీ లాటరీ లేకుండా ఎలా వచ్చావు?" అని. నాది ఈ-1. అమెరికాతో వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల పౌరులకు ఇచ్చే వ్యాపారి వీసా. ఆ జాబితాలో ఇండియా లేదు. పాకిస్తాన్ ఉంది, ఏం చేస్తాం! నేను కెనడా పౌరసత్వం తీసుకున్నాను కాబట్టి నాకు దారి దొరికింది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దీనిమీద ఆశ పెట్టుకోవద్దు.

మాది పప్పుల వ్యాపారం. కెనడాలోని సస్కాచెవాన్‌లో పండే మైసూర్ పప్పు, బఠాణీలు కొని, న్యూజెర్సీలో ఇండియన్ కిరాణా షాపులకు సరుకు వేసే హోల్‌సేలర్లకు అమ్ముతాం. ఇలాంటిదే ఇన్వెస్టరు వీసా ఈ-2కైతే పెట్టుబడి చూస్తారు, ఈ-1కు సరుకు కదులుతోందా లేదా అనేదే ముఖ్యం. కనీసం ఇన్ని డాలర్ల వ్యాపారం ఉండాలని రూల్లో ఎక్కడా లేదు. కానీ ఒక్క పెద్ద ఆర్డరు చూపిస్తే సరిపోదు, చిన్నవైనా లావాదేవీలు వరసగా నడవాలి. టొరంటోలోని అమెరికా కాన్సులేట్‌కు ఇచ్చిన ఫైల్లో ఇన్‌వాయిస్, దాని వెనకే కస్టమ్స్ కాగితం, ఆ వెనక డబ్బు పడిన బ్యాంకు పేజీ, ఇలా జత చేసి పెట్టాం. ఇంటర్వ్యూలో ఎక్కువ తిరగేసింది ఆ కట్టనే.

అసలు టెన్షన్ వీసా చేతికొచ్చాక మొదలవుతుంది. కంపెనీ చేసే అంతర్జాతీయ వ్యాపారంలో సగానికి పైగా అమెరికా, కెనడాల మధ్యే ఉండాలి. మా హోల్‌సేలర్లేమో "అన్నా, గుంటూరు కారం కూడా తెప్పించు" అంటారు. లాభం అందులోనే ఎక్కువ. కానీ ఇండియా నుంచి దిగే ప్రతి కంటైనరూ నా వీసా లెక్కను కిందికి లాగుతుంది. అందుకే కారం పద్దును పప్పు పద్దు దాటనివ్వను. వచ్చిన బేరాన్ని వీసా కోసం వదులుకోవడం ఉందే, అన్నిటికంటే చిరాకు అదే.

ఇంకోటి ఐ-94, అంటే దేశంలోకి వచ్చినప్పుడు ఎప్పటిదాకా ఉండొచ్చో రాసే రికార్డు. మాకు పాస్‌పోర్టులో వీసా స్టాంపు అయిదేళ్లకు వేశారు, కానీ దేశంలో అడుగుపెట్టిన ప్రతిసారీ ఉండనిచ్చేది రెండేళ్లే. పాస్‌పోర్టు గడువు అంతకంటే ముందే ముగిసేలా ఉంటే ఆ తేదీకే కుదించేస్తారు. నేను సరుకు పనిమీద తరచూ కెనడా వెళ్లి వస్తుంటాను కాబట్టి నాది కొత్తదవుతూనే ఉంటుంది. ఇంట్లో కదలకుండా ఉన్న భార్యాపిల్లలది కాదు. స్టాంపు తేదీ చూసుకుని ధీమాగా ఉంటే దెబ్బ తినేది ఇక్కడే. మేం వేసవిలో అందరం నయాగరా దాటి, వచ్చేటప్పుడు అందరికీ కొత్త ఐ-94 అడిగి వేయించుకుంటాం. ఇంటికి రాగానే వెబ్‌సైట్లో ఒక్కొక్కరి తేదీ చూస్తాను.

మెచ్చుకోవాల్సింది భార్యకు ఉన్న వెసులుబాటు. ఇదివరకు పని చేయాలంటే విడిగా పర్మిట్‌కు అప్లై చేసి నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. 2021 నవంబరులో ఆ అవసరం తీసేశారు. ఇప్పుడు ఐ-94 మీద ఈ-1ఎస్ అని ఉంటే చాలు, ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవచ్చు. సరుకు ఆగిపోయిన నెలల్లో మా ఇల్లు గడిచింది ఆమె జీతంతోనే.

మనుషులను తెచ్చుకోవడం మాత్రం కష్టం. ఈ వీసా మీద వచ్చే ఉద్యోగి కూడా కెనడా పౌరుడే అయి ఉండాలి, పైగా మేనేజర్ స్థాయి పనో ప్రత్యేక నైపుణ్యమో చూపించాలి. ఊళ్లో లెక్కలు బాగా చూసే బావమరిది ఉన్నా లాభం లేదు.

రెన్యూవల్‌కు హద్దు లేదు, వ్యాపారం నడిచినంత కాలం పొడిగించుకుంటూ పోవచ్చు. అయితే ఎన్నేళ్లున్నా దీని వల్ల గ్రీన్ కార్డు రాదు. పిల్లలకు 21 నిండితే డిపెండెంట్ హోదా పోతుంది. మా పెద్దాడికి అది డిగ్రీ మధ్యలో పడుతుంది. వాడిదీ కెనడా పాస్‌పోర్టే కాబట్టి స్టూడెంట్ హోదా ఎఫ్-1కు వీసా స్టాంపింగ్ అక్కర్లేదు. కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం ఐ-20, విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ సెవిస్‌కు కట్టిన ఫీజు రసీదు బోర్డరులో చూపించాలి. ఆ కాగితాలు ఇప్పటినుంచే సిద్ధం చేస్తున్నాం.