దోమల్ని తరిమే అల్ట్రాసోనిక్ మెషీన్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

వానలు పడ్డాయో లేదో, ఫోన్ తెరిస్తే చాలు ఆ ప్రకటనే. ప్లగ్గులో గుచ్చే చిన్న తెల్ల డబ్బా, ముందు నీలం లైటు. పొగ లేదు, వాసన లేదు, మన చెవికి వినపడని శబ్దంతోనే (అదే అల్ట్రాసోనిక్ అంటే) దోమలు, బొద్దింకలు, బల్లులు, ఎలుకలు అన్నీ పరార్ అట. మా అత్తగారికి ఆయాసం, కాయిల్ పొగ పడదు. అందుకని మా మరిది మూడింటి సెట్టు 899 రూపాయలకు తెప్పించి గదికొకటి పెట్టాడు.

దోమలు తగ్గలేదు. ఒక సాయంత్రం చూస్తే, కాళ్ల మీద తెల్ల చారలున్న నల్ల దోమ ఒకటి లైటు వెలుగుతున్న ఆ డబ్బా మీదే తీరిగ్గా కూర్చుని ఉంది. ఫోటో తీసి పెట్టుకున్నాను, తర్వాత పనికొచ్చింది.

అసలు కిటుకు డబ్బాలో కాదు, దానితో వచ్చిన కాగితంలో ఉంది. "పూర్తి ఫలితం కనపడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది" అని ఒక మూల చిన్న అక్షరాల్లో వేశారు. రిటర్న్ గడువేమో 7 రోజులు! పనిచేస్తుందో లేదో మనకి తేలేసరికి వాపసు ఇచ్చే దారి మూసుకుపోతుంది. దాని కింద ఇంకో లైను: ఇది వాడేటప్పుడు వేరే దోమల మందులు వాడకూడదట. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. పనిచేయని వస్తువు అమ్మితే పోయేది డబ్బు. పనిచేసేవి కూడా ఆపేయమంటే పోయేది ఆరోగ్యం.

ఆ రోజుల్లోనే మా తోటికోడలి కొడుక్కి జ్వరం, కళ్ల వెనక నొప్పి. డెంగీకి చేసే ఎన్ఎస్1 రక్తపరీక్ష పాజిటివ్. దోమ ఇంట్లోనే కుట్టిందో, స్కూల్లో కుట్టిందో ఎవరు చెప్పగలరు? తప్పంతా ఆ డబ్బాదే అని నేననను. పిల్లాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. (డాక్టరు మరీ మరీ చెప్పిన మాట ఒకటి: నొప్పులకని ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేయొద్దు, పారాసిటమాలే. జ్వరం తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, కడుపునొప్పి, వాంతులు మొదలైతే వెంటనే ఆస్పత్రికి రావాలి.)

ఫిర్యాదు చేస్తే కస్టమర్ కేర్ వాళ్ల జవాబు వినండి. "మీ గదిలో కర్టెన్లు, సోఫా ఉన్నాయి మేడమ్, తరంగాలకు అడ్డం. ఇంకో సెట్టు తీసుకోండి." కర్టెన్లు, సోఫా లేని ఇల్లు ఎక్కడుంది బాబూ?

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. 2007లో కోక్రేన్ (వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) పరిశోధకులు శబ్దంతో దోమల్ని తరిమే యంత్రాల మీద జరిగిన 10 క్షేత్ర పరీక్షల్ని కలిపి చూశారు. యంత్రం ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా మనుషుల మీద వాలే దోమలు తగ్గలేదని తేలింది. అంతకుముందే, 2001లో, అమెరికాలో వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి అల్ట్రాసోనిక్ యంత్రాలు తయారుచేసే, అమ్మే 60కి పైగా కంపెనీలకు రుజువు లేకుండా గొప్పలు చెప్పొద్దని హెచ్చరిక లేఖలు పంపింది. అయినా సరుకు తిరుగుతూనే ఉంది. దోమల మందు డబ్బా మీదైతే కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అది చూసి కొనొచ్చు. ఇందులో మందే లేదు కాబట్టి ఆ నంబరు అడగడానికీ లేదు.

ఆ డబ్బుతో కిటికీలకు జాలీ కొట్టించుకోండి. డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పగలే, కాబట్టి మధ్యాహ్నం పడుకునే పసిపిల్లలకు కూడా దోమతెర కట్టాలి. ఒంటికి రాసుకునే క్రీమైతే దోమల్ని దూరం పెట్టే మందులు డీట్ గానీ పికారిడిన్ గానీ అందులో ఉందో లేదో చూడండి, చిన్నపిల్లలకైతే డాక్టర్ని అడిగి రాయండి. మా ఇంట్లో దోమ పిల్ల పురుగులు దొరికింది ఎక్కడో తెలుసా? ఫ్రిజ్ వెనక నీళ్లు పడే ట్రేలో. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే మున్సిపాలిటీ వాళ్లు ఫ్రైడే డ్రైడే (శుక్రవారం శుక్రవారం నిల్వ నీళ్లు పారబోయండి) అంటూ తిరిగేది. నీళ్లు పారబోస్తే సరిపోదు, పాత్ర లోపలి గోడలకంటిన గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి, పీచుతో రుద్ది కడగాలి.

ఇప్పటికే కొన్నవాళ్లు బిల్లు, ఆ కాగితం, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మినవాళ్ల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. మేము ఆ మాట ఎత్తాకే డబ్బు వెనక్కి వచ్చింది.

మేము కొన్న పేరుతో ఇప్పుడు వెతికితే ఆ సరుకు కనపడటం లేదు. అదే డబ్బా, అదే నీలం లైటు, నిద్రపోతున్న అదే పాప ఫోటోతో ఇంకో పేరు మీద ఉంది, ధర 100 రూపాయలు ఎక్కువ. పేరు గుర్తుపెట్టుకుని లాభం లేదు, ఫోటో చూసి గుర్తుపట్టండి.