డాంగిలా, సబ్‌స్క్రిప్షనా, స్క్రైబసా? డీటీపీ షాపుకి ఏది మేలు

శ్రావణంలో ఒక శనివారం రాత్రి. చిక్కడపల్లిలో మా డీటీపీ షాపులో పెళ్లికార్డు ప్రూఫ్ దిద్దుతుంటే కుర్రాడి మోకాలు సీపీయూకి తగిలి, ముందువైపు గుచ్చిన డాంగిల్ (అది గుచ్చి ఉంటేనే ప్రోగ్రాం తెరుచుకునే చిన్న తాళం, లాక్ అనీ అంటారు) వంకరపోయింది. తెలుగు టైపింగ్ ప్రోగ్రాం ఆగిపోయింది. బిల్లు తీసుకుని కొన్న ప్రోగ్రామే. ఫోన్ చేస్తే "సోమవారం ఆ లాక్ పట్టుకురండి, చూద్దాం" అన్నారు. పెళ్లివారేమో ఆదివారం పొద్దున్నే వస్తామన్నారు.

డాంగిల్‌తో తంటా ఇదే. కొన్న ప్రోగ్రాంకి బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని మన కాపీరైట్ చట్టం 52వ సెక్షనే చెబుతోంది. నా దగ్గరా సీడీ కాపీ భద్రంగా ఉంది. లాక్ లేనిదే తెరుచుకోని కాపీ ఉండి ఏం లాభం? కాకపోతే ఆ ప్రోగ్రాంలోని కార్డు అక్షరాల సోకు నాకు ఇంకెక్కడా దొరకలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

సబ్‌స్క్రిప్షన్‌కి విరిగే వస్తువేం లేదు. డబ్బు కట్టడం మానేస్తే ప్రోగ్రాం కూడా మానేస్తుంది, అంతే. ఒకేసారి కొన్నా, ఆక్టివేషన్ (కంపెనీ సర్వర్ సరేనంటేనే ప్రోగ్రాం తెరుచుకునే పద్ధతి) ఉందంటే ఆ సర్వర్ నడిచినన్నాళ్లే ధీమా. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ 2013 నాటికి తన పాత సీఎస్2 ప్రోగ్రాంల ఆక్టివేషన్ సర్వర్లు ఆపేసి, కొన్నవాళ్లకి ఆక్టివేషన్ అక్కర్లేని కాపీలు ఇచ్చింది. అందరూ అలా ఇస్తారా?

క్రాక్, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ, మాట నా దగ్గర ఎత్తకండి. తెలిసి వాడితే అదే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా.

ఇక పేజీలు కూర్చడానికి ఉచితంగా వచ్చే ప్రోగ్రాం స్క్రైబస్. పాత 1.4లో తెలుగు ఒత్తులు విడివిడిగా పడేవి, అందుకే అప్పట్లో పక్కన పెట్టేశాను. 1.6లో చక్కగా కూర్చుంటున్నాయి. ఆ రాత్రి కార్డంతా అందులోనే యూనికోడ్‌లో (ఏ ప్రోగ్రాంకైనా అర్థమయ్యే ఉమ్మడి అక్షర సంకేతాల్లో) మళ్లీ కొట్టాం, "చి.ల.సౌ." దగ్గర్నుంచి "మదర్పిత చందన తాంబూలాదులు" దాకా. పేర్లకి రామభద్ర, మిగతా మేటర్‌కి మండలి. రెండూ సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లే. ప్రెస్‌కి కావలసిన సీఎంవైకే (నాలుగు రంగుల అచ్చు) పీడీఎఫ్ నేరుగా వచ్చేసింది. ఒంటిగంట దాటింది, టీ మూడుసార్లు తాగాం.

డాంగిల్ ప్రోగ్రాంలో కొట్టిన పాత మేటర్‌తోనే చిక్కు. అది యూనికోడ్ కాదు కాబట్టి స్క్రైబస్‌లో ఇంగ్లిష్ అక్షరాల గజిబిజిగా కనిపిస్తుంది.

అందుకే కొత్త పనంతా స్క్రైబస్‌కి మార్చేశాను. బాగుచేయించిన డాంగిల్‌తో ఆ పాత సిస్టమ్ మూలన ఉంది, పాత ఫైళ్లు తెరవడానికి. అటువైపు కుర్చీ వేయనివ్వను.