పరాయి విమానంలో మూడో కుర్చీ: తొమ్మిదేళ్ల తర్వాత

మా ఇల్లు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. పైలట్‌గా నేను డ్యూటీ ఎక్కేది న్యూవార్క్‌లో. మధ్య దూరం దాదాపు 1,400 మైళ్లు. మా కంపెనీ విమానాలు ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా తిరగవు. అందుకని తొమ్మిదేళ్లుగా నెలకు నాలుగుసార్లు వెళ్లడం, నాలుగుసార్లు రావడం అన్నీ ఇతర కంపెనీల విమానాల్లోనే, జంప్‌సీటు అడిగి పుచ్చుకునే. లెక్క రాసిపెట్టుకోలేదు గానీ ఏడెనిమిది వందల ప్రయాణాలకు తక్కువ ఉండవు. ఇంతకాలం వాడాను కాబట్టి దాని మంచిచెడ్డలు చెప్పగలననుకుంటున్నాను.

తెలియనివారి కోసం ఒక మాట. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల వెనక ఉండే మడత కుర్చీయే జంప్‌సీటు. తనిఖీకి వచ్చే ఎఫ్‌ఏఏ (అమెరికా పౌరవిమానయాన సంస్థ) అధికారి, శిక్షణను పరీక్షించే పైలట్ కూర్చోవడానికి అది ఉంటుంది. వాళ్లెవరూ లేని రోజు ఇంకో కంపెనీ పైలట్‌ను ఎక్కించుకుంటారు. మీవాళ్లను మేము, మావాళ్లను మీరు అన్నట్లు అమెరికాలో చాలా కంపెనీల మధ్య ఈ ఒప్పందం ఉంది. టికెట్ ఉండదు, డబ్బు కట్టే పని లేదు. ప్రయాణికుల మధ్య సీటు మిగిలితే అక్కడే కూర్చోబెడతారు, విమానం నిండిపోతే కాక్‌పిట్‌లోకి రమ్మంటారు. "మీకేమిటి, ఊరికే తిరుగుతారు" అంటారు మా బంధువులు. డబ్బు వరకు ఆ మాట నిజమే.

సౌకర్యం అడిగితే, లేదు. బోయింగ్ 737లో తలుపు మూసి గడియ పడ్డాక, పక్కకు మడిచి ఉన్న కుర్చీని తెరిచి ఆ తలుపుకే అడ్డంగా దింపాలి. కూర్చుంటే వీపు వెనక తలుపు, మోకాళ్ల ముందు థ్రాటిళ్లు, అంటే ఇంజిన్ల జోరు పెంచి తగ్గించే మీటలు, ఉన్న దిమ్మె. ముందు ఆక్సిజన్ మాస్కును అందుకుని ఎర్రటి మీటలు నొక్కి చూస్తాను. బుస్సుమని గాలి వస్తేనే తిరిగి పెడతాను. తర్వాత భుజాల పట్టీలు, ఆపైన హెడ్‌సెట్. దారిలో కెప్టెన్ బాత్రూముకు వెళ్లాలంటే నేను పట్టీలు విప్పి, లేచి, కుర్చీ మడిచి దారి ఇవ్వాలి. మూడున్నర గంటల తర్వాత దిగుతుంటే నడుము నిటారుగా కావడానికి కాసేపు పడుతుంది. ఎయిర్‌బస్ 320లో కాస్త నయం. చిన్న జెట్ విమానాల్లో నా భుజాలే కుర్చీకి ఎక్కువ.

అయినా ఆ కుర్చీ అంటే నాకు గౌరవం. అది దొరికే పద్ధతే అందుకు కారణం. బోర్డింగ్‌కు చాలా ముందే గేటు దగ్గర పేరు రాయించుకోవాలి. కంపెనీ కార్డు, పైలట్ లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. ఏజెంటు మా కంపెనీ కోడు, నా ఉద్యోగి నంబరు కొడితే తెర మీద నా ఫొటో, అనుమతి కనిపిస్తాయి. ఆ వ్యవస్థను క్యాస్ అంటారు. అంతటితో అయిపోలేదు. విమానం గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి, కెప్టెన్‌ను స్వయంగా అడగాలి. కంప్యూటర్ ఒప్పుకున్నా, గేటు ఏజెంటు ఒప్పుకున్నా, చివరి మాట కెప్టెన్‌దే. ఆయన వద్దంటే కారణం అడగకుండా వెనక్కి రావాలి. సీటు క్యాబిన్‌లోనే ఇచ్చినా సరే, పైలట్లకు కనపడి అడగకుండా నేను ఎన్నడూ వెళ్లి కూర్చోలేదు. ఈ తొమ్మిదేళ్లలో ఒక్క కెప్టెన్ కూడా నన్ను కాదనలేదు. నాకు ఎదురైన తిరస్కారాలన్నీ గేటు దగ్గరే.

ఇంత తతంగం దేనికని కొత్తగా చేరిన కుర్రవాళ్లు విసుక్కుంటారు. 1994 ఏప్రిల్‌లో మెంఫిస్ నుంచి బయలుదేరిన ఫెడెక్స్ 705 సరుకు విమానంలో జంప్‌సీటు అడిగి ఎక్కిన సొంత ఉద్యోగే సుత్తులతో, చేపలను కొట్టే ఈటె తుపాకితో సిబ్బంది మీద పడ్డాడు. తలలు పగిలి రక్తం కారుతున్నా ముగ్గురూ అతన్ని నిలువరించి విమానాన్ని మళ్లీ మెంఫిస్‌లోనే దించారు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత పరాయి కంపెనీ పైలట్లకు కాక్‌పిట్ తలుపులు మూతపడ్డాయి. క్యాస్ వచ్చాకే అవి మళ్లీ తెరుచుకున్నాయి. 2023 అక్టోబర్ 22న ఎవరెట్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానంలో, జంప్‌సీటులో ఉన్న పైలట్ మంటలు అంటుకుంటే ఇంజిన్లను ఆపేయడానికి ఉండే మీటలను లాగబోయాడు. సిబ్బంది చేతులు పట్టి ఆపి విమానాన్ని పోర్ట్‌లాండ్‌లో దించారు. ఆ వారం నేను గుమ్మం దగ్గర నిలబడి అడిగినప్పుడు ఒక కెప్టెన్ నా కళ్లలోకి మామూలు కంటే ఎక్కువసేపు చూశాడు. చూడాలి కూడా. నా విమానంలోకి వేరే పైలట్ వస్తే ఇప్పుడు నేనూ అలాగే చూస్తాను, రెండు మాటలు మాట్లాడతాను, ఎప్పుడు నిద్రపోయావని అడుగుతాను.

అదే కుర్చీ చేసిన మేలు కూడా చెప్పాలి. 2018 అక్టోబర్ 28 రాత్రి డెన్‌పసార్ నుంచి జకార్తాకు వస్తున్న లయన్ ఎయిర్ 737 మ్యాక్స్ ముక్కును దానంతట అదే కిందికి దించుకుంటోంది. జంప్‌సీటులో డ్యూటీ లేని పైలట్ ఒకతను ఉన్నాడు. ముగ్గురూ కలిసి ఆ గందరగోళంలోంచి బయటపడ్డారు. ముక్కును దించుతున్న ట్రిమ్ మోటార్‌కు కరెంటు ఆపే స్విచ్చులు కట్ చేసి క్షేమంగా దిగారు. మర్నాడు అదే విమానం వేరే సిబ్బందితో సముద్రంలో కూలి 189 మంది పోయారు. పైలట్లు ఇద్దరూ మీటలతో పెనుగులాడుతున్నప్పుడు, చేతులు ఖాళీగా ఉన్న మూడో మనిషి విలువ ఎంతో ఆ రెండు రోజులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

నా అనుభవం అంత పెద్దది కాదు. ఒక సాయంత్రం డల్లాస్‌కు దిగుతున్నాం. పదకొండు వేల అడుగులకు దిగమని కంట్రోలర్ చెప్పాడు, కెప్టెన్ పదకొండు అనే తిరిగి చెప్పాడు. అంతలో ఇంకో విమానం గురించి హెచ్చరిక వచ్చింది, ఇద్దరి చూపులూ కిటికీ వైపు తిరిగాయి. దిగాల్సిన ఎత్తును పెట్టడానికి కో-పైలట్ వేళ్లు తిప్పుతున్న గుండీ దగ్గర అంకె పదివేల మీద ఆగింది. పదకొండు కదా అని మెల్లగా అన్నాను. అతను అంకె వైపు చూసి సరిచేశాడు. దిగాక కెప్టెన్ నా చెయ్యి పట్టుకుని ఒక్క నిమిషం వదల్లేదు. పదివేల అడుగుల కింద కబుర్లు నిషేధం, జంప్‌సీటు మనిషికీ ఆ నియమం వర్తిస్తుంది. భద్రత విషయమైతే మాత్రం నోరు మూసుకోకూడదు. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి సిబ్బందిలో ఒకడిగానే లెక్కిస్తారు. మద్యం ముట్టి ఎనిమిది గంటలు కాలేదంటే కూర్చోకూడదు. నిద్రపోవడం తప్పని రూలేమీ లేకపోయినా విమానం పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ నేను కళ్లు మూయను.

నాకున్న అసలు ఫిర్యాదు వేరు. జంప్‌సీటు మనిషిని గమ్యానికి చేరుస్తుంది, విశ్రాంతి మాత్రం ఇవ్వదు. 2009 ఫిబ్రవరిలో బఫలో దగ్గర కోల్గన్ కంపెనీ 3407 విమానం కూలి, నేల మీద ఉన్న ఒకరితో కలిపి 50 మంది చనిపోయారు. దాని కో-పైలట్ ముందు రాత్రి సియాటిల్‌లో బయలుదేరి, సరుకు విమానాల జంప్‌సీట్లలో మెంఫిస్ మీదుగా ఉదయానికి న్యూవార్క్ చేరింది. ఆ మధ్యాహ్నమే డ్యూటీ ఎక్కింది. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రమాదానికి కారణమని, ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ తేల్చింది, కానీ ఆ ఇద్దరి అలసట గురించి కూడా నివేదికలో వివరంగా రాసింది. దాని తర్వాత 2014 నుంచి అమలైన నియమాల ప్రకారం ప్రయాణికుల విమానాల పైలట్లకు డ్యూటీకి ముందు పది గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు నిద్రకు అవకాశం ఉండాలి. ఆ పది గంటల్లో నేను ఫ్రిస్కో నుంచి న్యూవార్క్‌కు మడత కుర్చీలో వచ్చినా కాగితం మీద అది విశ్రాంతే. ప్రతి విమానానికి ముందు డ్యూటీకి సిద్ధంగా ఉన్నానని సంతకం చేసేది నేనే. ఈ ఒక్క విషయంలో మన మనస్సాక్షి తప్ప ఇంకో కాపలా లేదు.

ఇంకొకటి, ఇది నమ్ముకోదగ్గ బండి కాదు. సొంత కంపెనీ పైలట్లు వస్తే మన పేరు వెనక్కి పోతుంది. ఎండాకాలం బరువు ఎక్కువైందంటారు, చలికాలం మంచు అడ్డం వస్తుంది. మూడేళ్ల క్రితం ఉగాదికి మా అమ్మ విజయవాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. "పొద్దున పచ్చడి తినేవేళకు వచ్చేస్తావా నాన్నా?" అని ఫోనులో అడిగింది. రాత్రి చివరి విమానంలో జంప్‌సీటు ఖాళీగానే ఉంది. గేటులోని కొత్త అమ్మాయికి క్యాస్ ఎలా తెరవాలో తెలియలేదు. కెప్టెన్‌తో ఒక్కసారి మాట్లాడనివ్వమని బతిమాలినా పంపలేదు. తలుపు మూసేశారు. నేను ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండు. అమ్మ చిన్న గిన్నెలో పచ్చడి మూతపెట్టి ఉంచింది, వేపపువ్వు నల్లబడిపోయింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. రాత్రి గేటుకు వచ్చే మనిషికి జంప్‌సీటు ఎలా ఎక్కించాలో నేర్పని యాజమాన్యం మీద ఉంది, ఇప్పటికీ ఉంది.

కొత్తగా బేస్‌కు, అంటే డ్యూటీ ఎక్కే ఊరికి, దూరంగా ఇల్లు పెట్టుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఇదే. జంప్‌సీటు వాడండి, కానీ డ్యూటీ వేళను దాని నెత్తిన పెట్టకండి. ఒకటి తప్పితే ఇంకొకటి అన్నట్లు కనీసం రెండు విమానాలు చేతిలో ఉంచుకోండి. ఆఖరి విమానాన్ని అసలు లెక్కలోకే తీసుకోకండి. మొదటి నాలుగేళ్లు నేను ఉదయం విమానంలో వెళ్లి మధ్యాహ్నం డ్యూటీ ఎక్కేవాణ్ణి. ఇప్పుడు ముందురోజు సాయంత్రమే బయలుదేరుతున్నాను. న్యూవార్క్‌లో ఎనిమిది మంది పైలట్లం కలిసి అద్దెకు తీసుకున్న క్రాష్‌ప్యాడ్‌లో కిటికీ పక్క కింది మంచం నాది. దాని అద్దె, ఇంట్లో పోగొట్టుకున్న ఒక రాత్రి, ఉచిత ప్రయాణానికి నేను కడుతున్న ధర అదే. కట్టడం మొదలుపెట్టాక సంతకం చేసేటప్పుడు చెయ్యి తడబడలేదు.