పాత సూపర్ క్యారీ కొనాలంటే డీజిలా, పెట్రోలా? మా ఇంట్లో రెండూ ఉన్నాయి

మాది కడియపులంకలో చిన్న నర్సరీ. మొక్కలు వేసుకుని నేను నడిపేది 2019 మోడల్ పెట్రోలు సూపర్ క్యారీ, మారుతి వాళ్ల మినీ ట్రక్కు. మా తమ్ముడు భీమవరంలో రొయ్యల మేత ఎత్తుకుని ఆకివీడు, కాళ్ల ఊళ్ల వైపు చెరువులకు తిరిగేది 2017 మోడల్ డీజిల్ సూపర్ క్యారీ. రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే. బాడీ ఒకటే, క్యాబిన్ ఒకటే, వెనక తొట్టి కొలతలూ ఒకటే. తేడా అంతా సీటు కింద ఉన్న ఇంజన్‌లోనే. పాత మినీ ట్రక్కు కొందామనుకునే వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న కూడా ఆ ఇంజన్ గురించే కాబట్టి, రెండు బండ్లూ నడిపిన అనుభవంతో ఇది రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. రోజుకు నలభై కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లు పాత డీజిల్ జోలికి పోవద్దు. నిండు లోడుతో దూరాలు తిరిగేవాళ్లు పాత పెట్రోలు కొనొద్దు. ఇది అందరూ చెప్పేదే అనిపించవచ్చు. కానీ మన డెల్టాలో దీని లెక్క కొంచెం వేరుగా ఉంటుంది.

మారుతి ఈ బండిని 2016లో ముందు డీజిల్‌తోనే తెచ్చింది. రెండే సిలిండర్లు, 793 సీసీ, 32 హార్స్ పవర్. పెట్రోలు తర్వాత వచ్చింది. అది నాలుగు సిలిండర్ల 1,196 సీసీ ఇంజన్, పవర్ ఇంచుమించు రెట్టింపు. కాగితం మీద చూస్తే పోలికే లేదనిపిస్తుంది. అయితే బరువు లాగేటప్పుడు చూడాల్సింది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. డీజిల్‌ది 75 న్యూటన్ మీటర్లు, ఇంజన్ నిమిషానికి రెండు వేల చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే దగ్గరే అందుతుంది. పెట్రోలుది 85, కానీ అది మూడు వేల దగ్గర వస్తుంది. అంటే తమ్ముడి బండి మెల్లగా కదులుతూనే బరువు లాగేస్తుంది, నా బండికి కాస్త రేస్ ఇవ్వాలి. చెరువు గట్టు మీద బస్తాలతో ఫస్ట్ గేరులో పాకుతున్నప్పుడు డీజిల్ విలువ తెలుస్తుంది. అదే జొన్నాడ దగ్గర హైవే మీద లారీల మధ్య వెళ్తున్నప్పుడు, ఓవర్‌టేక్ చేయాల్సి వస్తే, పెట్రోలు బండిలో ఉన్నందుకు దండం పెట్టుకోవాలనిపిస్తుంది. డీజిల్ బండి అరవై దాటాక ఆయాసపడుతుంది. రెండు సిలిండర్ల అదురు స్టీరింగ్‌లోకీ సీటులోకీ వస్తుంది. సాయంత్రానికి నడుము పట్టేస్తుందని తమ్ముడు అంటాడు. నేను ఒకసారి వాడి బండి మొగల్తూరు దాకా నడిపాను, వాడు అన్నది నిజమే.

ఇక డబ్బుల లెక్క. మన రాష్ట్రంలో పెట్రోలు లీటరు ఇంచుమించు 109, డీజిల్ 97. తేడా పన్నెండు రూపాయలే అనిపిస్తుంది, కానీ మైలేజీ కూడా కలిపి చూడాలి. తమ్ముడికి నిండు లోడు మీద లీటరుకు 18 దాకా వస్తోంది. నా బండి సగం లోడూ ఖాళీ రిటర్నూ కలిపి 15 ఇస్తోంది. అంటే వాడికి కిలోమీటరుకు ఐదు రూపాయల నలభై పైసలు, నాకు ఏడు రూపాయల పాతిక పైసలు. నేను రాజమండ్రి ఇళ్లకీ, కొత్త వెంచర్లకీ మొక్కలు దింపడానికి రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగితే గొప్ప. దూరం ఆర్డర్లు ఎటూ లారీ మీదే పోతాయి. ఆ లెక్కన డీజిల్ ఉంటే నాకు మిగిలేది రోజుకు యాభై రూపాయల లోపు, ఏడాదికి పద్నాలుగు వేల దాకా. తమ్ముడు తిరిగేది రోజుకు తొంభై. అదే నిండు లోడు పెట్రోలు బండి మీద వేస్తే లీటరుకు 13 దాటదు, కిలోమీటరుకు మూడు రూపాయలు ఎక్కువ పడుతుంది. ఏడాదికి ఎనభై వేలు. ఇద్దరం ఒకే ఇంటి వాళ్లం, ఒకే కంపెనీ బండి, అయినా లెక్క ఇంత తేడా.

ద్రాక్షారామం అవతల ఉండేవాళ్లకు యానాం బంకులున్నాయి. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి లీటరు మీద బాగానే మిగులుతుంది. వాళ్లు నా లెక్కని అక్కడి రేట్లతో మళ్లీ వేసుకోవాలి.

సరే, ఆ పద్నాలుగు వేలు మాత్రం ఎందుకు వదులుకోవాలని అడగొచ్చు. కిందటి వానాకాలం ఒక చెరువు దగ్గర తమ్ముడి బండిలో డీజిల్ అడుగంటింది. కరెంటు పోతే చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆడించాలి కదా, అందుకని చెరువు షెడ్లలో జనరేటర్ కోసం డ్రమ్ముల్లో డీజిల్ దాచి ఉంచుతారు. అందులోంచి పది లీటర్లు పోయించుకున్నాడు. ఆ డ్రమ్ము అడుగున నీళ్లున్నాయి. వానాకాలం తేమకి సగం ఖాళీ డ్రమ్ములో నీళ్లు చేరడం మామూలే. జనరేటర్ ఇంజన్ మొరటుది, ఎలాగో తట్టుకుంటుంది. తమ్ముడి బండిలో ఉన్నది కామన్ రైల్ ఇంజన్, అంటే డీజిల్‌ని ఎక్కువ ప్రెజర్‌తో చిమ్మే కొత్త రకం, అది తట్టుకోదు. దాని ఇంజెక్టర్ల రంధ్రాలు వెంట్రుకంత సన్నం, లోపల ప్రెజర్ విపరీతం. నీళ్లు తగిలితే తుప్పు, తుప్పు పట్టాక స్ప్రే చెడుతుంది. రెండో రోజుకే తెల్ల పొగ, టకటకమని శబ్దం. ట్యాంకు కడగడం, ఫిల్టర్లు, ఇంజెక్టర్లు, పంపు పని అన్నీ కలిపి నలభై వేల దాకా అయింది. అదే బిల్లు నాకు వచ్చి ఉంటే మూడేళ్ల డీజిల్ ఆదా ఒక్క దెబ్బతో పోయేది. వాడికి ఆరు నెలల్లో తిరిగి వచ్చేస్తుంది. పాత డీజిల్ కొనేముందు ఆలోచించాల్సింది ఇదే. దాని ఖర్చు రోజూ కనపడదు, వచ్చినప్పుడు ఒకేసారి వస్తుంది, దాన్ని తట్టుకునేంత తిరుగుడు మనకుండాలి.

డబ్బు కన్నా ఎక్కువ బాధ పెట్టింది బండి ఆగిన రోజులు. 2020లో బీఎస్-6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ ఇంజన్లే మానేసింది. ఈ 793 సీసీ ఇంజన్ అంతకుముందు కొన్నాళ్లు సెలెరియో కారులో వచ్చింది తప్ప ఇంకెక్కడా రాలేదు. కాబట్టి ఇది విప్పి బిగించిన చెయ్యి దొరకడం కష్టం, పార్టు విజయవాడ నుంచి రావాలి. నా బండిలో ఉన్న పెట్రోలు ఇంజన్ 2010 నుంచి ఈకోలో తిరుగుతున్నదే. స్కూలు వ్యాన్లూ అంబులెన్సులూ అన్నీ ఈకోలే కదా. రాజమండ్రిలో ఏ షెడ్డుకు వెళ్లినా కళ్లు మూసుకుని పని చేస్తారు, పార్టు మధ్యాహ్నానికల్లా వస్తుంది. పాత బండి విషయంలో ఇంజన్ ఏదన్నదానికంటే, మీ ఊరికి పది కిలోమీటర్లలో ఆ ఇంజన్ తెలిసిన మెకానిక్ ఉన్నాడా అన్నదే నేను ముందు చూస్తాను. ఇదే లెక్కన పాత టాటా ఏస్ డీజిల్‌కి నేను అడ్డు చెప్పను. 2005 నుంచి రోడ్ల మీద ఉన్న బండి. పాతవాటిలో పంపు మెకానికల్, కంప్యూటర్ గొడవ లేదు, ఊరి మెకానిక్ చేతికి లొంగుతుంది. కాకపోతే మరీ నెమ్మది.

పెట్రోలు బండికి జబ్బులు లేవని కాదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇ-20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండ్లు చాలావరకు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మైలేజీ కాస్త తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలు త్వరగా ఎండిపోయి పగుళ్లు తీస్తాయి. నేను కొన్న వారంలోనే ఫ్యూయల్ గొట్టాలు మార్పించాను. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి, ఆషాఢంలో ఆర్డర్లు తగ్గి బండి నిలబడిపోయే రోజుల్లో ట్యాంకు సగం ఖాళీగా వదలను.

పెట్రోలుకి ఇంకో వరం సీఎన్‌జీ. గ్యాస్ మన కాళ్ల కిందే ఉన్నా బంకులు రావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు హైవే మీదా రాజమండ్రిలోనూ దొరుకుతోంది. కంపెనీ సీఎన్‌జీ సూపర్ క్యారీ కూడా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, కానీ సిలిండర్ బరువు వల్ల లోడు 740 కిలోల నుంచి 625కి పడిపోతుంది. తడి మొక్కలు మోసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మా ఒండ్రు మట్టి బ్యాగుల్ని తెల్లవారుజామున తడిపి ఎక్కిస్తే, ముందురోజు ఇద్దరు ఎత్తిన పామ్ మొక్కకి ముగ్గురు కావాలి. తొట్టి సగమే నిండినట్టు కనిపిస్తుంది, వెనక కమాన్లు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) మాత్రం అప్పటికే చదునై ఉంటాయి. మొక్కల వాళ్లు లోడుని కంటితో కాదు, కమాన్లతో చూడాలి. సీఎన్‌జీ బండి కొంటే సిలిండర్ టెస్టు తేదీ కూడా చూడండి, మూడేళ్లకోసారి చేయించాలి.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు నేను చేసేది చెప్తాను. తెల్లారగానే వెళ్తాను, "నేనొచ్చే దాకా స్టార్ట్ చేయకండి" అని ముందే ఫోన్‌లో చెప్తాను. మన దగ్గర పుష్య మాసంలో కూడా డీజిల్ గడ్డకట్టే చలి ఉండదు. కాబట్టి కోనసీమ ఎండలో బతికిన డీజిల్ ఇంజన్ పొద్దున్నే సెల్ఫ్‌కి మొరాయిస్తుందంటే చలి సాకు చెల్లదు. కంప్రెషన్ పోయి ఉండాలి, లేదా ఇంజెక్టర్లు అలిసిపోయి ఉండాలి. డీజిల్ మండేది స్పార్క్ ప్లగ్గు వల్ల కాదు, గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికి. నొక్కే బలం పోతే మిగిలేదేమీ లేదు.

ఒకసారి మండపేట వైపు ఒక బ్రోకర్ దగ్గర డీజిల్ బండి చూశాం. ఇంజన్ కడిగి మెరిపించాడు, మీటరు మీద చాలా తక్కువ కిలోమీటర్లున్నాయి. మా మెకానిక్ బాబాయి సీటు లేపి చెయ్యి పెట్టాడు. ఇంజన్ అప్పటికే వెచ్చగా ఉంది.

"పొద్దున్నే ఎక్కడికైనా వెళ్లొచ్చారా?" అన్నాడు.

"లేదండి, ఊరికే అలా పక్కకి జరిపాం" అన్నాడు బ్రోకర్.

బాబాయి ఇంజన్ ఆన్ చేయించి, ఆయిల్ పోసే మూత తిప్పి తీశాడు. తీయగానే ఆ మూతిలోంచి పొగ బుసబుసమని తన్నుకొచ్చింది. మూత వదులుగా పెడితే టపటపా ఎగురుతోంది. పిస్టన్ రింగులు అరిగితే సిలిండర్‌లోని ఒత్తిడి కిందికి జారి అలా బయటికొస్తుంది. "అమ్మాయ్, పద, టీ తాగి పోదాం" అన్నాడు. ఇంకేమీ అడగలేదు నేను. క్లచ్ పెడల్ రబ్బరు చూస్తే అరిగి నునుపెక్కిపోయి ఉంది. మీటరు మీద ఉన్న కిలోమీటర్లకి రబ్బరు అంతలా అరగదు.

డీజిలైనా పెట్రోలైనా మన వైపు తప్పకుండా చూడాల్సింది ఛాసిస్. చేపల ట్రేలు, రొయ్యలు మోసిన బండ్లలో ఐసు నీళ్లు, ఉప్పునీళ్లు తొట్టి కిందికి కారి, వెనక కమాన్లు బిగించిన చోట లోపల్నుంచి తినేస్తాయి. కింద కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే నాకు అనుమానమే. స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ పోతే ఖంగుమనే చోటు గట్టిది, డొల్లగా పలికే చోట రేకు పొరలు లేస్తుంది. ఇంజన్‌కి మందుంది, డబ్బు పెడితే బాగవుతుంది. తుప్పు పట్టిన ఛాసిస్‌ని బాగుచేయడం నేనైతే చూడలేదు. నరసాపురం, మొగల్తూరు తీరం నుంచి వచ్చిన బండి లక్ష తక్కువకి ఇస్తానన్నా నేను వద్దనే అంటాను. మామిడికుదురు, అంబాజీపేట కొబ్బరి బండి అయితే ఒక్క రూపాయి ఎక్కువైనా పర్వాలేదు.

వరద సంగతి కూడా ఒక మాట. లంక ఊళ్ల రోడ్ల మీద మోకాల్లోతు నీళ్లలో డీజిల్ ధైర్యంగా పోతుందని పెద్దవాళ్లు అంటారు. పాత మెకానికల్ పంపు బండ్లకి అది నిజం, ప్లగ్గులూ కాయిల్సూ తడిసే బాధ లేదు. ఇప్పటి డీజిల్‌కీ సెన్సార్లున్నాయి, పెట్రోలుకీ ఉన్నాయి. పైగా గాలి తీసుకునే గొట్టంలోకి నీళ్లు పోతే డీజిల్‌కే ఎక్కువ ముప్పు, అంత కంప్రెషన్ మీద నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, తోసుకుని గట్టెక్కించండి.

బీఎస్-6 డీజిల్ పికప్‌లు చూసేవాళ్లు డీపీఎఫ్ గురించి తెలుసుకుని వెళ్లండి. పొగలోని మసిని పట్టే ఆ ఫిల్టర్ శుభ్రం కావాలంటే బండి కాసేపు హైవే మీద వేడిగా తిరగాలి. వీధుల్లో ఆగుతూ సాగుతూ తిరిగే నాలాంటి వాళ్ల చేతిలో అది మూసుకుపోతుంది.

కాగితాల్లో ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ చూసుకోండి. రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా చేయించాలి. తమ్ముడి బండి ఇప్పుడు ఆ వయసుకొచ్చింది. ఎఫ్‌సీ ఖర్చు పెట్టే బదులు మార్చేద్దామని చూస్తున్నాడు. "అక్కా, మళ్లీ డీజిలే" అంటున్నాడు, నేనూ సరే అన్నాను. ఈసారి సెకండ్ హ్యాండ్ బొలెరో పికప్. లోడు టన్ను పైనే పడుతుంది, పైగా భీమవరంలో ఆ ఇంజన్ విప్పే మెకానిక్ వీధికొకడున్నాడు.