పిల్లల బ్రౌన్ బ్యాలే టైట్స్, షూస్: రెండేళ్లు వాడాక

మా అమ్మాయికి వీటిని కొన్న రెండు వారాలకే రివ్యూలో "కళ్లు మూసుకుని కొనేయండి" అని రాశాను. ఇప్పటికి రెండేళ్లయింది, రెండో సైజు కూడా బిగుతైపోయింది. కళ్లు కాస్త తెరిచే కొనండి.

అప్పుడు మెచ్చుకున్నది ఇప్పటికీ మెచ్చుకుంటాను. మా అమ్మాయిది చామనచాయ. గులాబీ టైట్స్ వేసుకున్నన్నాళ్లూ అరబెస్క్‌లో (ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి ఎత్తే భంగిమలో) ముందుకు చాచిన చెయ్యి ఒక రంగు, వెనక్కి లేచిన కాలు ఇంకో రంగు. నడుము దగ్గర ఇద్దరు పిల్లల్ని అతికించినట్టుండేది. గులాబీ రంగు తెల్లటి ఒంటితో కలిసిపోతుంది కాబట్టి సరే, అదే అందరి కాళ్లకీ తొడిగేశారు. ఈ జత వేసిన రోజు చేతివేలి కొస నుంచి కాలివేలి కొస దాకా ఒకటే గీత. అద్దంలో చూసుకుని మా అమ్మాయి ఏమీ అనలేదు. కాలు ఇంకాస్త పైకెత్తింది, అంతే.

కుట్టు, సాగుడు మామూలే. తంటా అంతా ఉతుకుతోనే వచ్చింది. తిరగేసి, చన్నీళ్లలో, చేత్తోనే ఉతికాను. అయినా ఆరు నెలలకి టైట్స్ వెలిసి ఎర్రమట్టి రంగుకి దిగాయి. క్యాన్వాస్ షూస్‌ని ఉతికేది తక్కువ కదా, అవి ముదురుగా అలాగే ఉన్నాయి. ప్రదర్శన రోజు లైట్ల కింద నిలబెడితే చీలమండ దగ్గర పాదం తెగిపోయినట్టు కనిపించింది. ఇంకేం తోచక నా ఫౌండేషన్ సీసా తీసి, స్పాంజ్‌తో షూస్‌కి అద్దడం మొదలుపెట్టాను. పెద్ద క్లాసు అమ్మాయి ఒకతి చూసి, "పాన్‌కేకింగా ఆంటీ?" అంది.

ఆ మాటకి నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. నల్లజాతి డ్యాన్సర్లు దశాబ్దాలపాటు గులాబీ పాయింట్ షూస్‌కి (కాలివేళ్ల కొసల మీద నిలబడే బ్యాలే షూస్‌కి) ఇలాగే ఫౌండేషన్ పూసుకుంటూ వచ్చారు, దాని పేరే పాన్‌కేకింగ్. న్యూయార్క్‌లోని నల్లజాతి బ్యాలే బృందం డ్యాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం 1970లలోనే ఒంటిరంగు టైట్స్, షూస్‌తో వేదికెక్కింది. బ్యాలే షూస్ తయారుచేసే ఫ్రీడ్ ఆఫ్ లండన్ వాళ్లు, నల్లజాతి, ఆసియా డ్యాన్సర్లుండే బ్రిటన్‌లోని బ్యాలే బ్లాక్ బృందంతో కలిసి బ్రౌన్, బ్రాంజ్ పాయింట్ షూస్ తెచ్చేసరికి 2018 అయింది. ఆ సీసా, ఆ స్పాంజ్ మాకు తప్పుతాయనే కదా నేనిది కొన్నది! పైగా పూత ఆరకముందే పిలిచేశారు. వరసలో కూర్చున్నప్పుడు పక్క పిల్ల తెల్ల స్కర్టుకి మరకంటింది. వాళ్లమ్మకి సర్దిచెప్పి, స్కర్టు తెచ్చి నేనే ఉతికిచ్చాను.

"అన్ని చాయలూ దొరుకుతాయి" అని కూడా అప్పుడు రాసినట్టున్నాను. పెద్దవాళ్లకి దొరుకుతాయి. పిల్లల సైజుల్లో నాకు దొరికినవి రెండే, లేతదీ ముదురుదీ. మా అమ్మాయి సరిగ్గా ఆ రెండింటికీ మధ్య. మొదటి జతకి ఎలాస్టిక్ గులాబీదే వస్తే విప్పి వేరేది కుట్టాను. ఇంకో మాట: లేతరంగు ప్యాకెట్ మీద "స్కిన్ కలర్" అని ఉంది, మా దాని మీద "బ్రౌన్" అని. మా అమ్మాయికున్నది స్కిన్ కాదు కాబోలు.

మాకు వారానికి రెండే క్లాసులు. రోజూ వెళ్లే పిల్లలకైతే ఇంకా త్వరగా వెలుస్తాయేమో. మా టీచర్‌కి ఏ రంగైనా ఫరవాలేదు, టైట్స్, షూస్ కలిస్తే చాలు. గులాబీయే వేయాలని పట్టుబట్టేచోట ముందు అడిగి కొనుక్కోవడం మేలు. నేను మాత్రం మూడో సైజు కూడా ఇదే తీసుకున్నాను. ఈసారి షూస్‌ని కూడా టైట్స్‌తోపాటే ఉతుకుతున్నాను, వెలిస్తే రెండూ కలిసే వెలుస్తాయని.