పదిహేను గ్రాముల బరువు: మోటార్‌హోమ్ అల్యూమినియం చక్రాలకు గాలి సెన్సార్లు, ఐదు వేసవుల తరువాత

టైర్లలో గాలి ఎంత ఉందో చూపే సెన్సార్ల తెర ఎలా ఉంటుంది, ఎన్ని టైర్లను చూపుతుంది, బ్లూటూత్ ఉందా లేదా అన్న వివరాలు పెట్టె మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. కంపెనీ ఇచ్చిన ఉక్కు చక్రాలు తీసేసి విడిగా కొన్న అల్యూమినియం చక్రాలు వేసుకున్న, ఇల్లులా వాడుకునే మోటార్‌హోమ్‌కు ఈ సెన్సార్లు బిగిస్తే ఏమవుతుందో మాత్రమే చెబుతాను. మేము డాలస్‌కు ఉత్తరాన ఉంటాము. మాది ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన 31 అడుగుల బండి. 2021 వసంతంలో కొత్త టైర్లతో పాటు, లోహాన్ని నొక్కి మలిచిన నాలుగు ఫోర్జ్‌డ్ అల్యూమినియం చక్రాలు వేయించాను: ముందు రెండు, వెనుక బయటి వైపు రెండు. వెనుక లోపలి రెండూ పాత ఉక్కువే. ఆ మే నెలలో, వాల్వు మూత స్థానంలో మరతో బిగే రకం సెన్సార్లు ఆరింటిని నా చేతులతోనే బిగించాను. అప్పటి నుంచి 28,000 మైళ్లు తిరిగాము. సెన్సార్ల మీద నాకు గౌరవం తగ్గలేదు. అవి కూర్చునే వాల్వును ఎవరూ, నాతో సహా, పట్టించుకోలేదన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

నా చిన్నతనంలో మా బాబాయికి లారీ ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో బండి ఆగిన ప్రతిసారీ క్లీనరు దిగి, వెనుక జంట టైర్లను ఇనుప కడ్డీతో వరుసగా కొట్టుకుంటూ వెళ్లేవాడు. ఖంగుమంటే గాలి ఉన్నట్టు, దబ్బుమంటే పోయినట్టు. జంటలో ఒక టైరు చచ్చినా రెండోది బరువు మోస్తూనే ఉంటుంది కనుక సీటులో కూర్చున్న డ్రైవరుకు ఏమీ తెలియదని, తెలిసేసరికి రెండోది కూడా పేలుతుందని బాబాయి చెప్పేవారు. అమెరికాలో 2007 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యే కార్లకు, చిన్న ట్రక్కులకు గాలి హెచ్చరిక తప్పనిసరి చేసిన నిబంధన మొత్తం బరువు 10,000 పౌండ్లకు మించని బండ్లకే వర్తిస్తుంది. పైగా ఇరుసుకు జంట చక్రాలున్నవాటికి అందులో మినహాయింపు ఉంది. మా బండి 14,500 పౌండ్లది, జంట చక్రాలది. అంటే హెచ్చరిక ఎక్కువ అవసరమైన బండికే అది లేకుండా వస్తుంది. మా టైర్లు 225/75 ఆర్16, లోడ్ రేంజ్ (బరువు మోసే స్థాయి) E రకం. 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, గాలి ఒత్తిడి కొలత) దగ్గర జంటలో ఒక్కొక్కటి 2,470 పౌండ్లు మోస్తుంది. నాలుగూ కలిపి 9,880. బండి తలుపు దగ్గర అంటించిన స్టిక్కరు ప్రకారం వెనుక ఇరుసు మోయగలిగేది 9,600. మిగులు 280 పౌండ్లు మాత్రమే. ఇంత తక్కువ మిగులున్న చోట గాలి ఎంత ఉందో ఊహ మీద వదిలేయడానికి నాకు మనసు ఒప్పలేదు.

అందువల్ల నా భయమంతా వెనుక చక్రాల మీదే ఉండేది. దెబ్బ మాత్రం ముందు చక్రం దగ్గర తగిలింది.

2022 జూలైలో పిల్లలతో కొలరాడో బయలుదేరాము. మొదటి రాత్రి ఆమరిల్లోలో ఆగి, ఉదయం చల్లగా ఉండగానే గాలి చూసుకున్నాను. ముందు 75, వెనుక 80, సరిగ్గా ఉన్నాయి. డూమస్ దగ్గర పడమరకు తిరిగి హార్ట్లీ దాటేసరికి ఎండ ముదిరింది. వేడికి ముందు టైర్లు రెండూ 87 చూపుతున్నాయి, అది మామూలే. అంతలో ఎడమ వైపుది 85 అయింది. కొద్దిసేపటికి 82. కుడిది 87 దగ్గరే కదలకుండా ఉంది. 80కి దిగిన క్షణంలో తెర ఎర్రబడి మోత మొదలైంది. మా ఆవిడ అంకెలు చదువుతూ ఉంటే, నేను వేగం తగ్గించి రోడ్డు అంచుకు దింపి ఆపాను. 75 పీఎస్ఐ సిఫారసు ఉన్న టైరుకు, కార్లకు పెట్టిన ఆ నిబంధన కోరే పాతిక శాతం తగ్గుదల అంటే 56 దగ్గర గాని దీపం వెలగదు. వేడెక్కిన టైరు ఆ అంకెకు దిగేలోపు ఎంత దూరం పోతామో ఆలోచిస్తే, గాలి వేగంగా తగ్గుతోందని ముందే అరిచే ఈ ఒక్క సదుపాయానికే పెట్టిన డబ్బంతా చెల్లిపోయిందని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడూ చాలావరకు అదే అంటాను.

అసలు చిక్కు అక్కడి నుంచి మొదలైంది. చేతి గేజీతో చూస్తే 78 ఉంది, సెన్సారు అబద్ధం చెప్పలేదు. కానీ గాలి పోతున్న జాడ ఎక్కడా లేదు. టైరు చుట్టూ చేయి పెట్టి తడిమాను, మేకు లేదు. సబ్బు నీళ్లు చల్లాను, బుడగ లేదు. పది నిమిషాలు నిలబడి చూసినా అంకె కదలలేదు. కంప్రెసరుతో 86 వరకు పట్టి మళ్లీ బయలుదేరితే, వేగం 60 దాటగానే అంకె మళ్లీ దిగడం మొదలైంది. 40కి తగ్గించాను, ఆగిపోయింది. పెంచాను, దిగింది. బండి నిలబడితే లేని జబ్బు పరుగెత్తితేనే బయటపడుతోంది. అత్యవసర దీపాలు వేసుకుని 40లోనే డాల్‌హార్ట్ చేరుకుని, ట్రాక్టరు టైర్లు, లారీ టైర్లు చూసే ఒక దుకాణం ముందు ఆపాను.

అక్కడి పెద్దాయన టైరును చూడనేలేదు. సెన్సారును రెండు వేళ్లతో పట్టుకుని, చక్రం అంచు వైపు మెల్లగా వంచారు. వెంటనే బుసమని శబ్దం వచ్చింది. వదిలేశారు, ఆగిపోయింది. మళ్లీ వంచి అక్కడ సబ్బు నీళ్లు వేస్తే, రబ్బరు వాల్వు అల్యూమినియం రంధ్రంలో కూర్చునే మెడ దగ్గర, ఇరుసు వైపు, తెల్లటి చిన్న చిన్న బుడగలు గుత్తిలా లేచాయి. టైరు ఒక పక్క దించి వాల్వు బయటకు లాగి చూపించారు: మెడ చుట్టూ సగం వరకు, బ్లేడుతో గీసినట్టు సన్నని చీలిక. ఆ వాల్వు ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది.

ఇంటికి వచ్చాక వంటింటి తూకం మీద సెన్సారును పెట్టి చూశాను. 15 గ్రాములు. చేతిలో ఉంటే బరువే తెలియదు. కానీ గంటకు 65 మైళ్ల వేగంలో మా టైరు సెకనుకు పన్నెండుసార్లకు పైగా తిరుగుతుంది. ఇరుసు మధ్య నుంచి 19 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఆ సెన్సారు మీద పనిచేసే అపకేంద్ర బలం దాని సొంత బరువుకు దాదాపు 126 రెట్లు. అంటే రబ్బరు కాడ కొనకు దగ్గర దగ్గర 1.9 కిలోల బరువు వేలాడదీసి బయటికి లాగినట్టు. వేగం 40 ఉంటే అది 700 గ్రాములకు పడిపోతుంది. వేగాన్ని బట్టి అంకె ఎందుకు దిగిందో, ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. పధ్నాలుగు నెలలు ప్రయాణించిన ప్రతి మైలూ ఆ మెడ వంగుతూనే ఉంది. ప్రమాదాన్ని ముందుగా చెప్పి మమ్మల్ని కాపాడిన సెన్సారే ఆ ప్రమాదాన్ని తెచ్చిపెట్టింది. ఈ రెండు మాటలూ నిజమే, ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం నాకు ఇష్టం లేదు.

చక్రాలు బిగించిన దుకాణం వేసిన రబ్బరు వాల్వు నాసిరకం కాదు. 100 పీఎస్ఐ వరకు తట్టుకునే టీఆర్ 600 హెచ్‌పీ రకం. గాలి ఒత్తిడి లెక్కలో వారి ఎంపిక సరైనదే. వెనుక బయటి చక్రాల వాల్వు రంధ్రం లోపలి వైపుకు తిరిగి ఉంటుంది కనుక, వంపు తిరిగిన లోహపు వాల్వు వేస్తే తప్ప అక్కడ చేయి పట్టదు. అందుచేత వెనుక లోహపువి, ముందు రబ్బరువి వేశారు. సెన్సార్లు పెడతారా అని వారు అడగలేదు. అడిగి ఉంటే ఒక్క మాటతో పోయేది, అదే నా ఫిర్యాదు. అయితే సెన్సార్ల పెట్టెలోని కాగితంలో లోహపు వాల్వుల మీదనే వాడాలన్న వాక్యం ఉంది, దాన్ని నేను చదవలేదన్నది కూడా అంతే నిజం.

డాల్‌హార్ట్‌లో ఎడమ చక్రానికి మర బిగింపుతో ఉండే లోహపు వాల్వు వేశారు. కుడి వైపు రబ్బరు వాల్వును వంచి చూస్తే గాలి పోలేదు గాని, మెడ మీద వెంట్రుక లాంటి గీత పడి ఉంది. అదీ మార్పించాను. ఇక్కడ అల్యూమినియం చక్రాలవారు జాగ్రత్త పడవలసినది ఒకటుంది. లోహపు వాల్వులన్నీ ఒకటి కావు. రంధ్రం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు కావచ్చు, 16కు దగ్గరగా ఉండవచ్చు. రేకుతో చేసిన ఉక్కు రిమ్ముతో పోలిస్తే ఫోర్జ్‌డ్ అల్యూమినియం రిమ్ము రంధ్రం దగ్గర బాగా మందంగా ఉంటుంది కనుక పొట్టి మర ఉన్న వాల్వు వేస్తే నట్టుకు పట్టు చాలదు. చక్రం తయారు చేసినవారు తమ చక్రానికి ఏ నంబరు వాల్వు వేయాలో చెబుతారు. ఆ నంబరే అడిగి తెచ్చుకోవాలి. వాల్వు లోపలి పిన్ను నికెల్ పూత ఉన్నది తీసుకోవాలి; అల్యూమినియం కాడలో మామూలు ఇత్తడి పిన్ను వేస్తే ఉప్పు తగిలినప్పుడు రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి, పిన్ను అక్కడే పట్టేసుకుంటుంది. చలికాలంలో కొలరాడో రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడు చల్లుతారు కనుక నేను ఈ విషయంలో ముందే జాగ్రత్తపడ్డాను, ఇంతవరకు ఒక్కటీ బిగుసుకోలేదు.

లోహపు వాల్వులు వేసిన తరువాత ముందు చక్రాలు మూడేళ్లుగా నిశ్చింతగా ఉన్నాయి. వెనుక ఒక చిన్న సంగతి. లోపలి ఉక్కు చక్రం వాల్వు పొడవుగా వచ్చి బయటి అల్యూమినియం చక్రంలో కిటికీలా ఉన్న రంధ్రంలోంచి తొంగి చూస్తుంది. ఉక్కు చక్రం కిటికీ కంటే ఇది చిన్నది, లోతు ఎక్కువ. సెన్సారు బిగించాక నా చిటికెన వేలు పట్టేంత సందే మిగిలింది. మొదటి ఏడాది చివర చూస్తే, కిటికీ అంచు మీద నెలవంక ఆకారంలో, గోరంత మెరిసే గీత పడి ఉంది. సెన్సారు ఒరుసుకున్న గుర్తు. వాల్వు ఊగకుండా పట్టి ఉంచే రబ్బరు బిళ్ల ఒకటి కిటికీలో పెట్టాక ఆ గీత పెరగలేదు. ఎవరైనా కొత్తగా బిగిస్తే, చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, సెన్సారు ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే కిందికి దించమని చెబుతాను. నట్లు 140 అడుగు-పౌండ్లకు బిగించి, యాభై మైళ్లు పోయాక మళ్లీ చూడాలన్నది అల్యూమినియం చక్రాలకు ఎలాగూ తప్పదు. సిగ్నలు సంగతికి వస్తే, లోపలి ఎడమ చక్రం తరచుగా తెర నుంచి మాయమయ్యేది. బండి వెనుక భాగంలో సిగ్నలును అందుకుని మళ్లీ పంపే రిపీటరు పెట్టాక పోయింది.

బయటి రకం సెన్సార్లు కొన్నప్పుడు నేను అందరికీ గొప్పగా చెప్పిన మాట, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చునని. అది నిజమే, నాణెం లాంటి సీఆర్ 1632 బిళ్ల, రెండు నిమిషాల పని. కానీ ఏడాదికోసారి ఆరు సెన్సార్లు విప్పడం, ప్రతిదానికీ లోపలి రబ్బరు వలయం మార్చడం, మళ్లీ బిగించి సబ్బు నీళ్లతో చూడడం, ఇదంతా కలిపితే ఒక పూట పడుతుంది. మూడో చలికాలంలో ఒక వలయం సరిగ్గా కూర్చోక వారానికి 2 పీఎస్ఐ పోయింది. చలికి తగ్గిందనుకుని చాలా రోజులు పట్టించుకోలేదు. పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పడితే మా టైర్లలో ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ దాకా ఎలాగూ తగ్గుతుంది కనుక తేడా కనిపెట్టడం కష్టమే. వాల్వు మీద ఎప్పుడూ మూతే ఉండి ఉంటే ఆ గాలి పోయేది కాదు.

టైరు లోపల, రిమ్ము నడుమ పట్టీతో కట్టే సెన్సార్లకు ఈ బాధలేవీ లేవు. వాల్వు మీద బరువు పడదు, ఒరుసుకోదు, ఎవరూ విప్పుకుపోరు. బ్యాటరీ మార్చలేము గాని ఐదు నుంచి ఏడేళ్లు వస్తుంది. నావంటివారు ఏడాదికి ఆరు వేల మైళ్ల లోపే తిరుగుతారు కనుక టైరు అరిగిపోయి కాదు, వయసైపోయి మారుతుంది. ఆ వయసూ ఈ బ్యాటరీ వయసూ దగ్గర దగ్గరగా సరిపోతాయి. టైర్లు రిమ్ము మీద లేని గంటలో మాత్రమే అది చవకైన పని. 2021లో ఆ గంట నా చేతిలో ఉండగా నేను బయటి రకమే ఎంచుకున్నాను.

బండి అద్దెకు తీసుకునేవారికి, ఏడాదికి రెండు ప్రయాణాలు చేసేవారికి, ఉక్కు చక్రాలకు లోహపు వాల్వులు ముందే ఉన్నవారికి నేను వాడిన రకమే చాలని నా అభిప్రాయం. అల్యూమినియం చక్రాలు కొత్తగా వేయించుకునేవారి లెక్క వేరు, ఏడాది పొడవునా బండిలోనే ఉండేవారి లెక్క ఇంకా వేరు. వారి మీద నా అనుభవాన్ని రుద్దలేను. మా టైర్లకు 2027 వసంతంలో ఆరేళ్లు నిండుతాయి. అప్పుడు టైర్లు దించినప్పుడు లోపలి రకం కట్టిస్తాను. అంతవరకు ఈ ఆరూ వాటి వాల్వుల మీదే ఉంటాయి, ప్రయాణం ముందు ప్రతి ఉదయం ఒక్కొక్కదాన్ని వేలితో వంచి చూడడమూ ఉంటుంది.