ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ యూవీ బాక్సా, ఆల్కహాల్ గుడ్డా: ఏది మేలు?

ముసురు పట్టి జ్వరాలు మొదలయ్యాయంటే మా ఐటీ సపోర్ట్ డెస్కు దగ్గర ఒకటే ప్రశ్న. "అన్నా, ఫోన్‌ని లోపల పెట్టి క్రిములు చంపే ఆ యూవీ బాక్స్ కొనుక్కుంటే మంచిదా, ఆల్కహాల్‌తో తుడుచుకుంటే సరిపోతుందా?" పక్క సీటాయన నాలుగు రోజులు సెలవు పెడితే చాలు, అదే వారంలో పది మంది వచ్చి అడుగుతారు. టెన్షన్ పడటంలో తప్పేం లేదు. ఫ్లూ వైరస్ ప్లాస్టిక్, స్టీల్ లాంటి గట్టి ఉపరితలాల మీద ఒకటి రెండు రోజులు బతికుండగలదు. గచ్చిబౌలిలో మా ఫ్లోర్‌లో పొద్దున షిఫ్టువాళ్ల ల్యాప్‌టాప్‌లే రాత్రి షిఫ్టువాళ్లు వాడతారు. ఈసారి ఏది కొనాలో తేల్చమని మేనేజర్‌గారు నాకే అప్పజెప్పారు. రెండూ నెల రోజులు వాడి చూశాను.

యూవీ, అంటే అతినీలలోహిత కాంతి, మీద నాకు చిన్నచూపేమీ లేదు. 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి యూవీ-సీ అనే రకం కాంతి సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని దెబ్బతీసి, అవి మళ్లీ పెరగకుండా చేస్తుంది. ఆసుపత్రుల్లో ఎంతోకాలంగా వాడుతున్న పద్ధతి ఇది. 2020 మేలో మన హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ల్యాబ్, రీసెర్చ్ సెంటర్ ఇమారత్, 'డ్రూవ్స్' అనే యూవీ-సీ క్యాబినెట్ తయారుచేసింది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కరెన్సీ నోట్లు, పాస్‌బుక్కులు అందులో పెట్టొచ్చు. పెట్టిన వస్తువుకి అన్ని వైపుల నుంచీ, 360 డిగ్రీలూ, కాంతి తగిలేలా దాన్ని రూపొందించారు.

అన్ని వైపులా తగలడం అనేదే ఇక్కడ కీలకం. ఎందుకంటే యూవీ-సీ తిన్నగా పడిన చోటే పనిచేస్తుంది, నీడ పడిన చోట చేయదు. నేను వాడి చూసిన చిన్న బాక్సులో లైట్లు మూతకి మాత్రమే ఉన్నాయి. ఫోన్ కింది వైపుకీ, పౌచ్ అంచు కిందికీ వెలుతురే పోదు. ల్యాప్‌టాప్ అయితే ఆ బాక్సులో పట్టనే పట్టదు. పెద్ద క్యాబినెట్ తెచ్చినా కీల మధ్య సందుల్లో నీడ ఉండనే ఉంటుంది.

అయినా నా నిర్ణయాన్ని తేల్చింది నీడ కాదు, జిడ్డు. ఒక శుక్రవారం టీమ్ లంచ్‌లో బిర్యానీ తిన్నాక ముగ్గురి ఫోన్లు తీసుకుని బాక్సులో పెట్టాను. బయటికి తీస్తే స్క్రీన్ మీద నూనె వేలిముద్రలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ పొర కింద ఉన్నవాటికి అది గొడుగు పట్టినట్టే. యూవీ దేన్నీ తుడవదు, ఉన్నదాని మీద వెలుతురు వేస్తుందంతే. గుడ్డతో రుద్దితే జిడ్డూ పోతుంది, దాంతోపాటు క్రిములూ చాలావరకు పోతాయి. మిగిలినవాటి పని ఆల్కహాల్ చూసుకుంటుంది.

దానికి కావలసింది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఐపీఏ), ఒక మైక్రోఫైబర్ గుడ్డ. 99 శాతం ఇంకా గట్టిది కదా అని చాలామంది అనుకుంటారు. కానీ క్రిముల ప్రొటీన్లు చెడిపోవాలంటే కొంత నీళ్లు ఉండాలి. పైగా 99 శాతం ఇట్టే ఆరిపోతుంది. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో రిపేర్ షాపులవాళ్లు సర్క్యూట్ బోర్డులు శుభ్రం చేయడానికి వాడే ఐపీఏ ఎక్కువగా ఈ రకమే. అదే దొరికితే ఏడు వంతులకి మూడు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలుపుకోవాలి.

ఫోన్ పాడవుతుందేమోనన్న భయం ఒకప్పుడు ఉండేది. 2020 మార్చిలో యాపిల్ తన సూచనలు మార్చి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్స్‌తో స్క్రీన్, కీబోర్డు, బయటి గట్టి భాగాలు మెల్లగా తుడవొచ్చని చెప్పింది. బ్లీచ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం వద్దంది. రోజుకి పదిసార్లు తుడిస్తే స్క్రీన్ మీది నూనె అంటని పూత త్వరగా అరుగుతుంది కాబట్టి ఒకటి రెండుసార్లు చాలు. మ్యాట్ స్క్రీన్ ఉన్న ల్యాప్‌టాప్‌కి ముందు ఆ కంపెనీ ఏం చెప్పిందో చూసుకోండి.

తుడిచే పద్ధతి ముఖ్యం. చార్జర్ తీసి, ఆఫ్ చేసి, పౌచ్ ఊడదీయాలి. ఆల్కహాల్ గుడ్డ మీదే వేయాలి, ఫోన్ మీద కాదు. గుడ్డ తడిగా ఉండాలి కానీ కారకూడదు. తుడిచాక కనీసం అర నిమిషం ఆ తడి ఉండి, దానంతటదే ఆరాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల కిందట నా సొంత ల్యాప్‌టాప్ మీద హ్యాండ్ సానిటైజర్ నేరుగా కొట్టాను. స్పేస్ బార్ అతుక్కుపోయింది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లి కీబోర్డే మార్పించుకోవాల్సి వచ్చింది. సానిటైజర్లలో చేతులు ఎండిపోకుండా గ్లిసరిన్ లాంటివి కలుపుతారు. చేతికి మంచివే, కీల కింద జిగురైపోతాయి.

డెటాల్ నీళ్లు, అద్దాలు తుడిచే స్ప్రేలు వీటికి వద్దు. బేబీ వైప్స్ మరక తీస్తాయి, అంతకుమించి ఆశించకండి. సిలికాన్ కీబోర్డ్ కవర్ వాడేవాళ్లు దాన్ని తీసి సబ్బుతో కడుక్కుంటే చాలు.

ఆల్కహాల్‌కీ హద్దులున్నాయి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివి దానికి అంత తేలిగ్గా లొంగవు. సబ్బుతో చేతులు కడగడం ఎలాగూ తప్పదు. అయితే మన ఆఫీసుల్లో నేను రోజూ చూసేది ఇది: చేతులు శుభ్రంగా కడుక్కొచ్చి, క్యారేజీ విప్పి, ఫోన్ తీసి రెండు మెసేజ్‌లు చూసి, అదే చేత్తో పప్పన్నం కలుపుతాం. ఫోన్ తుడవాల్సింది చేతులు కడగడానికి ముందే. అలా జరగాలంటే సాధనం చేతికందే చోట ఉండాలి. బాక్సు అడ్మిన్ రూమ్‌లో ఉంటే ఎవరూ అంత దూరం వెళ్లి ఫోన్ వదిలి రారు. ఓటీపీ రావచ్చు, ఆన్-కాల్ డ్యూటీ ఫోన్ మోగొచ్చు.

అందుకే మేం సీసాలు, గుడ్డలు తీసుకున్నాం. ప్యాంట్రీలో ఇండక్షన్ స్టవ్‌కి దూరంగా, వాష్‌బేసిన్ పక్కన ఒక సీసా పెట్టించాను, ఎందుకంటే ఆల్కహాల్ ఇట్టే నిప్పంటుకునే సరుకు. షిఫ్టు మారే చోట ఇంకొకటి పెట్టాం. గుడ్డలు వారానికోసారి ఉతికిస్తున్నాం.

ఇప్పటికే యూవీ బాక్స్ కొనుక్కున్నవాళ్లు పారేయక్కర్లేదు. ముందు ఫోన్ తుడిచి, పౌచ్ తీసి లోపల పెట్టండి. ఒక విడత అయ్యాక తిరగేసి మళ్లీ పెట్టండి. లైటు వెలుగుతుండగా మాత్రం మూత తీసి చూడకండి. ఆ కాంతి కళ్లకీ చర్మానికీ హాని.